డైవింగ్ బోటు ఎక్కే ముందు ఏం చూసుకోవాలి? (తిరుపతి నుంచి పాండిచ్చేరికి ఏడుగురం)

అలిపిరి మెట్టు · శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మార్చిలో మా ఇంటివాళ్ళం ఏడుగురం పాండిచ్చేరి వెళ్తున్నాం. ఆదివారం పొద్దున స్కూబా డైవింగ్ బుక్ చేశాం, మనిషికి రెండు డైవ్‌లు. మాలో ఎవరికీ సర్టిఫికెట్ లేదు. ఇన్‌స్ట్రక్టర్ చేయి పట్టుకుని తీసుకెళ్ళే రకం, 12 మీటర్లు దాటనివ్వరట. నీళ్ళ లోపలి సంగతి వాళ్ళు చూసుకుంటారులే అని ధైర్యం ఉంది. నా టెన్షన్ అంతా బోటు గురించే. ఒడ్డుకు అంత దూరం పోయాక ఎవరికైనా ఏమైనా అయితే ఏంది పరిస్థితి?

ఫోన్ చేసి "సేఫ్టీ ఎలా ఉంటుంది?" అని అడిగా. "హండ్రెడ్ పర్సెంట్ సేఫ్ సార్, భయమే వద్దు" అన్నారు. మాది బట్టల కొట్టు. అడక్కముందే "రంగు పోదు" అని చెప్పి అంటగట్టిన సరుకు ఎన్ని ఉతుకులు ఆగుతుందో నాకు బాగా తెలుసు. అందుకే ఇక్కడ అడుగుతున్నా. తెలిసినవాళ్ళు చెప్పండి.

గాంధీ రోడ్డు · శుక్రవారం, రాత్రి 9:31

ఏం కాదు సామీ. నేను గోవాలో చేశా. ఇరవై నిమిషాలు కింద ఉంచారు, వీడియో తీశారు, పైకి తెచ్చారు. ఇంత ఆలోచిస్తే ఘాట్ రోడ్డు బస్సు కూడా ఎక్కలేం.

నీవానది · శుక్రవారం, రాత్రి 10:05

అన్నా, మాది చిత్తూరు, ఉద్యోగం బెంగళూరులో. ఎనిమిదేళ్ళుగా డైవింగ్ చేస్తున్నా, అండమాన్, మురుడేశ్వర్, పాండిచ్చేరి అన్నీ తిరిగా. మీరు అడిగిన ప్రశ్నలోనే తప్పుంది. "సేఫ్టీ ఉందా" అంటే ఎవరైనా ఉందనే చెప్తారు. "చూపించండి" అనాలి. నేను బోటు దగ్గరికి వెళ్ళగానే ఆక్సిజన్ కిట్ ఎక్కడుందో చూపించమంటా. చూపించినవాళ్ళు మంచివాళ్ళు. వెతుక్కున్నవాళ్ళు ఫర్వాలేదు, కనీసం కొన్నారు. "అవసరం రాదు సార్" అన్నవాళ్ళ బోటు నేను ఎక్కను. రెండుసార్లు అలా డబ్బులు వదులుకుని వెనక్కి వచ్చా.

రెండోది, అందరూ నీళ్ళలో దిగాక బోటు మీద ఎవరుంటారు? ఇది ఎవరూ అడగరు. బోటు నడపగలిగి, రేడియోలో మాట్లాడగలిగి, ఆక్సిజన్ పెట్టడం తెలిసిన మనిషి పైన ఉండి తీరాలి. ఒక చోట చూశా: ఇన్‌స్ట్రక్టర్లు అందరూ కస్టమర్లతో కిందికి పోయారు, పైన మిగిలింది ఇంజిన్ దగ్గర ఒక పిల్లవాడు. వాడికి బోటు తిప్పడం వచ్చు, అంతే. ఆ రోజు ఏమీ కాలేదు కాబట్టి అందరికీ బాగుంది.

మూడోది, నీళ్ళలో ఉన్నవాళ్ళను అర్జెంటుగా పైకి పిలవాల్సి వస్తే ఎలా పిలుస్తారు? కొన్ని బోట్లలో నిచ్చెన కడ్డీని ఇనుముతో కొడతారు, నీళ్ళలో ఆ చప్పుడు దూరం పోతుంది. కొందరు ఇంజిన్‌ను ఆపి ఆపి పెంచుతారు. పద్ధతి ఏదైనా కావచ్చు, దిగే ముందే మీకు చెప్పాలి. ఆ చప్పుడు వినగానే ఏం చేయాలో కూడా చెప్పాలి.

అలిపిరి మెట్టు · శుక్రవారం, రాత్రి 10:20

తమ్ముడూ, ఒక సందేహం. వీపున కట్టేదే ఆక్సిజన్ సిలిండర్ కదా? బోటులో అలాంటివి ఇరవై ఉంటాయి. మళ్ళీ వేరే ఆక్సిజన్ ఎందుకు?

సిలిండర్ అన్న · శుక్రవారం, రాత్రి 10:48

ఈ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నా. నేను ఇక్కడే ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ ప్లాంటు చూస్తా. డైవింగ్ తెలియదు, ఈత కూడా రాదు. కానీ సిలిండర్ల సంగతి నన్ను అడగండి.

వీపున కట్టేది ఆక్సిజన్ కాదు. మనం ఇప్పుడు పీలుస్తున్న గాలినే 200 బార్ దాకా నొక్కి నింపుతారు. అందులో ఆక్సిజన్ 21 శాతమే, మిగతాదంతా దాదాపు నైట్రోజనే. లోతుకు పోయినకొద్దీ ఆ నైట్రోజన్ రక్తంలో, కొవ్వులో ఎక్కువ కరుగుతుంది. గబుక్కున పైకి వస్తే సోడా బుడ్డి మూత తీసినట్టు బుడగలు కడుతుంది. బుడగలు కట్టిన మనిషికి మళ్ళీ ఆ గాలే ఇస్తే లాభం లేదు. నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే నైట్రోజన్ ఊపిరితిత్తుల గుండా త్వరగా బయటికి పోతుంది. నీళ్ళు మింగి ఊపిరాడని మనిషికీ అదే ప్రథమ చికిత్స. అందుకే వేరే సిలిండర్.

ఇక లెక్క. కోవిడ్ రోజుల్లో అందరూ ఇళ్ళలో పెట్టుకున్న మధ్య సైజు సిలిండర్ ఉంది చూడండి, బి టైపు. నిండుగా ఉంటే 1500 లీటర్లు. సంచి ఉన్న మాస్కుతో నిమిషానికి 15 లీటర్లు పెడితే 100 నిమిషాలు. దానికంటే చిన్నది 'ఎ' (A) టైపు, 750 లీటర్లు, అంటే 50 నిమిషాలు. ఒత్తిడి మీటరు సూది సగానికి ఉంటే నిమిషాలూ సగమే. బోటు ఒడ్డుకు రావడానికి ఎంత, ఒడ్డు నుంచి ఆసుపత్రికి ఎంత అని అడిగి కూడుకోండి. ఆ మొత్తం కంటే సిలిండర్ ఎక్కువసేపు రావాలి. ఇద్దరు మనుషులకు ఒకేసారి అవసరమైతే అన్నది వేరే తలనొప్పి.

మా దగ్గర సిలిండర్ ఖాళీ అయి జరిగే గొడవ కంటే తాళం దొరక్క జరిగే గొడవ ఎక్కువ. వాల్వ్ తిప్పే కీ అన్నమాట. సిలిండర్‌కే తాడుతో కట్టి ఉండాలి. రెగ్యులేటర్ బిగించి ఉండాలి, మాస్కు కవర్ చింపడానికి సిద్ధంగా ఉండాలి. మీ ముందే ఒకసారి తెరిచి బుస్సుమనిపించమనండి. తెరిచేవాడి చేతులకు డీజిల్, గ్రీజు ఉంటే మాత్రం కడుక్కుని రమ్మనండి. ఒత్తిడితో వచ్చే ఆక్సిజన్‌కు నూనె తగిలితే అంటుకుంటుంది. పక్కన బీడీ, సిగరెట్ ఉండకూడదు.

గాంధీ రోడ్డు · శుక్రవారం, రాత్రి 11:02

గోవాలో నాకు ఇవేవీ చూపించలేదు. అంటే, నేనూ అడగలేదులే.

తూపిలిపాలెం · శనివారం, ఉదయం 5:40

అందరికీ నమస్తే. మాది వాకాడు దగ్గర సముద్రం ఒడ్డు. మన జిల్లాకు సముద్రం ఉందని తిరుపతి వాళ్ళు మర్చిపోతారు. నాయన, తాత అందరూ వేటకు పోయినవాళ్ళే. నేను డైవింగ్ చేయలేదు, చేయను కూడా. నాకు నీళ్ళ పైనే పని.

బోటు గురించి నేను చెప్తా. ఇంజిన్లు ఎన్ని అని చూడండి. ఒక్కటే ఉంటే, అది ఆగితే ఏం చేస్తారని అడగండి. మా బోటు ఒకసారి ఇంజిన్ ఆగి రాత్రంతా కొట్టుకుపోయింది. తెల్లారేసరికి ఎక్కడున్నామో మాకే తెలీదు. లంగరు తాడు పొడుగు చాలలేదు, అదీ మా తప్పే. అప్పటి నుంచి మా ఇంట్లో తాడు కొలవకుండా ఎవరూ బోటు నీళ్ళలోకి తోయరు.

కోస్ట్ గార్డ్ నంబరు 1554. ఫోన్లో ఇప్పుడే ఎక్కించుకోండి, ఫ్రీ నంబరే. కానీ ఒడ్డు నుంచి కొంత దూరం పోయాక సెల్ సిగ్నల్ పోతుంది. అందుకే రేడియో. వీహెచ్‌ఎఫ్ సెట్టులో 16వ చానల్ ఆపదకు. అందులో "మేడే" అని మూడుసార్లు అని, బోటు పేరు, ఎక్కడున్నాం, ఏమైంది, ఎంతమందిమి అని చెప్పాలి. ఎక్కడున్నారన్నది మొదటే సరిగ్గా చెప్పండి. మిగతా మాటలు తెగిపోయినా వెతకడానికి వస్తారు. "పాండిచ్చేరి పక్కన" అంటే కుదరదు, అక్షాంశం, రేఖాంశం అంకెలు చదవాలి. ఫోన్లో జీపీఎస్‌కు సిగ్నల్ అక్కర్లేదు, ఆ అంకెలు చూడటం ఇంట్లోనే నేర్చుకోండి. రేడియో ఆన్‌లో ఉందా అన్నది కూడా చూడాలి. సెట్టు పెట్టె మీద ప్లాస్టిక్ కవర్ అలాగే ఉన్న బోట్లు నేను చూశా.

లైఫ్ జాకెట్ పోయేటప్పుడు, వచ్చేటప్పుడు ఒంటి మీదే ఉండాలి. సీటు కింద ఉన్న జాకెట్ సీటుతో పాటే మునుగుతుంది. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలకు పోతూ కచ్చులూరు దగ్గర మునిగిన బోటు గుర్తుందా? గోదావరి అది, సముద్రం కూడా కాదు. ఆ బోటును బయటికి తీయడానికే ధర్మాడి సత్యం బృందానికి అక్టోబర్ 22 దాకా పట్టింది. ఆ వార్తలు చూస్తూ మా నాయన ఒక్కమాటే అన్నాడు, "దాన్ని తీయడానికి ఇన్ని రోజులైతే, అది మునగడానికి ఎంతసేపు పట్టింటుంది?" అని. ఇంకోటి, కుదిరినంతవరకు పైన కప్పు లేని చోట కూర్చోండి. బోటు తిరగబడితే జాకెట్ మిమ్మల్ని కప్పుకే అదుముతుంది.

మార్చి అంటే ఫర్వాలేదు. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఆ తీరంలో సరదాకు బోటు ఎక్కొద్దు. అయినా ముందు రోజు రాత్రి ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్ళ అలల సూచన చూడండి. హైదరాబాద్‌లో కూర్చుని సముద్రం సంగతి చెప్తారని మావాళ్ళు మొదట నవ్వేవాళ్ళు. ఇప్పుడు ముసలోళ్ళు కూడా పొద్దున్నే పిల్లల్ని అడిగి చూపించుకుంటారు.

మొగిలి ఘాట్ · శనివారం, ఉదయం 8:15

నేను పదిహేనేళ్ళు యాత్ర బస్సులు నడిపించా. బోటు గురించి తెలియదు కానీ తలలు లెక్కపెట్టడం గురించి ఒక కథ చెప్తా. ఒకసారి కాణిపాకం, శ్రీకాళహస్తి చూపించి రాత్రి బయలుదేరాం. క్లీనర్ అడిగాడు, "అందరూ ఎక్కారా?" అని. బస్సంతా "ఎక్కాం, పోనీ" అని అరిచింది. పుత్తూరు దాటాక ఒక ముసలావిడ సీటు ఖాళీగా ఉందని పక్కావిడ చెప్పింది. ఇంతసేపూ ఏం చేశావమ్మా అంటే, "వెనక సీట్లో కూతురి దగ్గర కూర్చుందేమో అనుకున్నా" అంది. కూతురేమో తల్లి ముందు సీట్లో ఉందనుకుంది. వెనక్కి తిప్పుకుని పోతే, ఆవిడ గుడి ముందు అరుగు మీద పులిహోర తింటూ కూర్చుని ఉంది. మమ్మల్ని తిట్టలేదు కూడా.

ఆ రోజు నుంచి "అందరూ ఎక్కారా" అని అడగడం మానేశా. పేరు పిలవాలి, ఆ పేరు గల మనిషే పలకాలి.

నీవానది · శనివారం, ఉదయం 9:40

అన్నా, ఇదే కథ సముద్రంలో జరిగింది, చివర్లో పులిహోర లేదు, అంతే తేడా. 1998 జనవరి 25న ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర ఒక అమెరికన్ జంటను నీళ్ళలోనే వదిలేసి డైవింగ్ బోటు ఒడ్డుకు వచ్చేసింది. లెక్క తప్పింది. వాళ్ళు లేరని తెలిసేసరికి రెండు రోజులు గడిచాయి, అది కూడా బోటులో వాళ్ళ సంచి మిగిలిపోయి కనబడింది కాబట్టి. వాళ్ళు దొరకలేదు. ఆ తర్వాత అక్కడ తలల లెక్క గురించి నిబంధనలు గట్టిగా పెట్టారు.

కాబట్టి అలిపిరి అన్నా, పేర్ల కాగితం ఉందా, దిగేముందు, ఎక్కాక రెండుసార్లు పిలుస్తారా అని చూడండి. మీ ఏడుగురి లెక్క మీరు కూడా వేసుకోండి. వాళ్ళ లెక్క మీద నమ్మకం లేక కాదు, మీ వాళ్ళు మీకు ముఖ్యం కాబట్టి.

ఎక్కేటప్పుడు ఇంకో జాగ్రత్త. మనిషి నిచ్చెన దగ్గర ఉండగా ఇంజిన్ ఫ్యాన్ తిరగకూడదు. బోటు నడిపే సరంగు "రా" అని సైగ చేసేదాకా దూరంగా తేలుతూ ఉండండి.

అలిపిరి మెట్టు · శనివారం, మధ్యాహ్నం 1:10

అందరికీ చేతులెత్తి దండం. కాగితం మీద రాసుకున్నా అన్నీ. మా ప్లాన్ కూడా చెప్తా, ఏమైనా తప్పుంటే చెప్పండి. ఆదివారం 11:30కల్లా రెండు డైవ్‌లు అయిపోతాయి. భోంచేసి బయలుదేరితే తిండివనం, కంచి, తిరుత్తణి మీదుగా సాయంత్రం ఏడుకల్లా తిరుపతి. స్నానాలు చేసి వెంటనే అలిపిరి నుంచి కాలినడకన కొండ ఎక్కేస్తాం, బావకు మొక్కు ఉంది. సోమవారం పొద్దున 11కు 300 రూపాయల దర్శనం టికెట్లు ఉన్నాయి. సముద్రస్నానం, స్వామి దర్శనం రెండూ ఒకే ట్రిప్పులో.

పుత్తూరు కట్టు · శనివారం, మధ్యాహ్నం 1:34

ఆగండి ఆగండి. డైవింగ్ చేసిన రోజే కొండ ఎక్కుతారా?

అలిపిరి మెట్టు · శనివారం, మధ్యాహ్నం 1:36

అవును అక్కా. అలసిపోతామంటారా?

పుత్తూరు కట్టు · శనివారం, మధ్యాహ్నం 2:20

అలసట కాదు తమ్ముడూ. నేను ఎమర్జెన్సీ వార్డులో నర్సును, డ్యూటీ మధ్యలో రాస్తున్నా, తప్పులుంటే క్షమించండి.

పైన సిలిండర్ అన్న సోడా బుడ్డి అని చెప్పారే, ఆ బుడ్డి మీరు ఒడ్డుకు వచ్చాక కూడా పూర్తిగా చల్లారదు. కరిగిన నైట్రోజన్ నెమ్మదిగా గంటల తరబడి బయటికి పోతుంది. ఈలోపు ఎత్తుకు పోతే బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది, మూత ఇంకాస్త వదులు చేసినట్టే. అందుకే డైవింగ్ తర్వాత విమానం ఎక్కొద్దంటారు. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, రెండు మూడు డైవ్‌లు అయితే 18 గంటలు ఆగాలని డైవర్ల భద్రత చూసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సంస్థ చెప్పే లెక్క.

మనవాళ్ళు మర్చిపోయేది ఏమిటంటే, ఆ లెక్క 2000 అడుగుల ఎత్తు నుంచే మొదలవుతుంది. తిరుమల దాదాపు 2800 అడుగులు. మీరు విమానం ఎక్కడం లేదు, నిజమే. కాళ్ళతో ఎక్కుతున్నారు, 3550 మెట్లు. డైవింగ్ అయిన కొన్ని గంటలకే ఒంటిని అంత కష్టపెట్టడం కూడా బుడగలకు మంచిది కాదు.

గాంధీ రోడ్డు · శనివారం, మధ్యాహ్నం 2:41

కొండ ఎక్కితే కూడానా? మరీ చోద్యం అక్కా. వీళ్ళు దిగేది 12 మీటర్లే కదా.

పుత్తూరు కట్టు · శనివారం, సాయంత్రం 6:15

డ్యూటీ దిగాను. గాంధీ రోడ్డు గారూ, మీరన్నదాంట్లో కొంత నిజముంది. 12 మీటర్లు, తక్కువ సమయం, కాబట్టి ప్రమాదం తక్కువే. వందలో తొంభై తొమ్మిది మంది ఏమీ కాకుండా పైకి పోయి లడ్డూ తెచ్చుకుంటారనే నేనూ అనుకుంటా. కానీ లక్షణాలు ఎలా ఉంటాయో చూడండి: కీళ్ళ నొప్పి, చేతులు కాళ్ళు తిమ్మిరి, తల తిరగడం, ఎప్పుడూ లేనంత అలసట. మెట్ల మీద మూడు గంటలు నడిచిన మనిషికి ఇవన్నీ మామూలుగానే ఉంటాయి కదా? అది మెట్ల నొప్పి అనుకుని జండూబామ్ రాసుకుని పడుకుంటారు. అసలు సంగతి తెల్లారేదాకా తెలియదు. నా భయం అదీ.

పరిష్కారం కష్టం కూడా కాదు. 11:30కు 18 గంటలు కలిపితే సోమవారం తెల్లవారి 5:30. రాత్రి కింద తిరుపతిలోనే పడుకోండి, పొద్దున ఆరు తర్వాత బస్సులో పైకి పోండి. 11 గంటల దర్శనం ఎక్కడికీ పోదు. నడక మాత్రం ఇంకో వారానికి పెట్టుకోండి. స్వామి ఏమీ అనుకోడు.

నీవానది · శనివారం, సాయంత్రం 6:50

అక్కా, నిజం ఒప్పుకుంటా. మురుడేశ్వర్‌లో మధ్యాహ్నం దాకా డైవ్ చేసి అదే రాత్రి బస్సులో బెంగళూరు వచ్చిన రోజులు నాకు లెక్కలేనన్ని. పడమటి కనుమలు దాటి రావాలి, బెంగళూరే 3000 అడుగులు. విమానం కాదు కదా అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఎనిమిదేళ్ళ డైవర్‌ను.

మొగిలి ఘాట్ · శనివారం, రాత్రి 7:05

అయితే మా ఘాట్ ఎక్కి పలమనేరు పోయినా?

పుత్తూరు కట్టు · శనివారం, రాత్రి 7:12

పలమనేరు కూడా 2000 దాటుతుంది. హార్స్‌లీ హిల్స్ అయితే చెప్పక్కర్లేదు, 4000 పైన.

అలిపిరి మెట్టు · శనివారం, రాత్రి 9:00

ఇంట్లో చదివి వినిపించా. అందరూ ఒప్పుకున్నారు, బావ తప్ప. బావకు 52 ఏళ్ళు, బీపీకి మాత్రలు వాడతాడు. "నాకు డైవింగూ కావాలి, నడకా కావాలి" అంటున్నాడు. డైవింగ్ వాళ్ళు ఒక ఫారం పంపారు. అందులో బీపీ ఉందా అంటే "లేదు" అని రాసేద్దాం అంటున్నాడు.

పుత్తూరు కట్టు · శనివారం, రాత్రి 9:25

వద్దు. ఆ ఫారం వాళ్ళ కోసం కాదు, మీ బావ గారి కోసం. డైవింగ్‌లో పోయే ప్రాణాల్లో గుండె సంబంధమైనవి చాలా ఉంటాయి, ముఖ్యంగా వయసు పైబడినవాళ్ళలో. "ఉంది" అని రాసి డాక్టర్‌కు చూపించండి. ఆయన సరే అంటే దిగొచ్చు, బీపీ ఉన్నవాళ్ళందరూ దిగకూడదని లేదు. అబద్ధం రాసి దిగితే మాత్రం, నీళ్ళలో ఏదైనా అయినప్పుడు పక్కన ఉన్నవాళ్ళకు అసలు విషయమే తెలియదు.

ఇంకొకటి అందరూ నేర్చుకోండి. నీళ్ళలో మునిగి స్పృహ తప్పి ఊపిరి లేని మనిషికి గుండె నొక్కడం ఒక్కటే చాలదు. ఊపిరి అందకే గుండె ఆగింది, కాబట్టి ముందు నోటితో ఊపిరి ఊదాలి, తర్వాత ముప్పై నొక్కులకు రెండు ఊపిర్లు. కడుపు మీద నొక్కి నీళ్ళు కక్కించాలని చూడొద్దు, తలకిందులుగా వేలాడదీయొద్దు. మనవైపు చెరువుల దగ్గర ఇప్పటికీ అదే చేస్తున్నారు, వార్డుకు తెచ్చేసరికి టైం అయిపోతుంది.

సిలిండర్ అన్న · శనివారం, రాత్రి 9:50

బుడగలు కట్టిన మనిషిని ఒత్తిడి పెంచే మూసిన గదిలో, చాంబర్‌లో పెడతారు కదా అక్కా, మన ఊళ్ళల్లో షుగర్ పుండ్లకు వాడేదే కదా?

నీవానది · శనివారం, రాత్రి 10:10

దానికి నేను చెప్తా అన్నా. పనిచేసే సూత్రం ఒకటే. ఒత్తిడి పెంచి ఆక్సిజన్ ఇస్తారు. కానీ డైవర్లకు సాధారణంగా చేసే చికిత్స 18 మీటర్ల లోతుకు సమానమైన ఒత్తిడితో మొదలై దాదాపు ఐదు గంటలు సాగుతుంది. పుండ్లకు వాడే చాంబర్లు ఉన్న ప్రతి చోటా డైవర్లను తీసుకోరు. అండమాన్‌లో అయితే పోర్ట్ బ్లెయిర్‌లో, అదే ఇప్పటి శ్రీ విజయపురంలో, నేవీ వాళ్ళ ధన్వంతరి ఆసుపత్రిలో ఉంది. మిగతా చోట్ల, "చాంబర్ ఎక్కడ? ఈ మధ్య ఫోన్ చేసి కనుక్కున్నారా?" అని బోటు వాళ్ళనే అడగాలి. "చెన్నైలో ఉంటుంది సార్" అన్నది జవాబు కాదు. చెన్నైలో ఎక్కడ, ఏ ఫోను, రాత్రిపూట తెరిచి ఉంటుందా అన్నది జవాబు.

మరొక విషయం, నొప్పి ఉందని మళ్ళీ నీళ్ళలోకి దించితే తగ్గుతుందని ఎవరైనా అంటే వినొద్దు. వెల్లకిలా పడుకోబెట్టి, ఆక్సిజన్ పెట్టి, స్పృహ ఉంటే నీళ్ళు తాగించి ఒడ్డుకు రావడమే.

కపిలతీర్థం వాన · ఆదివారం, ఉదయం 10:30

మధ్యలో వస్తున్నందుకు సారీ. మేము వచ్చే ఏడాది మాల్దీవుల్లో రాత్రుళ్ళు బోటులోనే పడుకునే ట్రిప్ చూస్తున్నాం. దానికి వేరే జాగ్రత్తలు ఉంటాయా?

నీవానది · ఆదివారం, ఉదయం 11:45

ఉంటాయి, అక్కడ భయపడాల్సింది నిప్పుకు. 2019 సెప్టెంబర్ 2 తెల్లవారుజామున కాలిఫోర్నియాలో కన్సెప్షన్ అనే డైవింగ్ బోటు కాలిపోయింది. కింది గదిలో పడుకున్న 34 మంది చనిపోయారు. మంట దేనివల్ల అంటుకుందో దర్యాప్తులో కచ్చితంగా తేల్చలేకపోయారు కానీ, రాత్రి కాపలా తిరిగే మనిషి ఒక్కడు కూడా మేలుకుని లేడని తేలింది. ఇంకో దారుణం, కింది గదికి దారులు రెండు ఉన్నాయి, మెట్లు ఒకటి, పైకప్పులో మూత ఒకటి. రెండూ తెరుచుకునేది మంటలున్న ఒకే హాల్లోకి. బోటు కెప్టెన్‌కు నాలుగేళ్ళ జైలు పడింది.

నేను ఇప్పుడు మొదటి సాయంత్రమే చేసే పని ఒకటుంది. నా మంచం నుంచి రెండో దారి ఎక్కడికి తెరుచుకుంటుందో చూసి, కళ్ళు మూసుకుని ఒకసారి నడుస్తా. తోటివాళ్ళు నవ్వుతారు. రాత్రి కాపలా ఎవరిదని పేరు అడుగుతా. ఒకసారి రెండు గంటలకు నిజంగానే లేచి చూశా, ఆ మనిషి కుర్చీలో గురక పెడుతున్నాడు. టీ ఇచ్చి లేపా. కెమెరాల, టార్చీల బ్యాటరీలు పడుకునే గదిలో చార్జింగ్ పెట్టొద్దు, మనుషులు మేలుకుని ఉండే చోట పగలే పెట్టుకోండి.

అలిపిరి మెట్టు · మంగళవారం, రాత్రి 8:30 (మార్చి)

వెళ్ళొచ్చాం. ఏం జరిగిందో చెప్తా.

జెట్టీ దగ్గర "ఆక్సిజన్ చూపించండి" అన్నాను. కుర్రవాడు పెట్టె తెరిచాడు, సిలిండర్ నిండుగానే ఉంది, మాస్కులు ఉన్నాయి. తెరిచి చూపించమంటే తాళం లేదు! సిలిండర్ అన్నా, మీరే గుర్తొచ్చారు. ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. పక్కన ఎవరో "దిగేది మేము, భయం వీళ్ళకు" అని తమిళంలో గొణిగారు. నాకు తమిళం వచ్చని వాళ్ళకు తెలియదు. తాళం తెచ్చాకే బోటు కదిలింది. మిగతా విషయాల్లో వాళ్ళు మంచివాళ్ళే, రేడియో ఆన్‌లో ఉంది, బోటు మీద ఒక ఇన్‌స్ట్రక్టర్ నీళ్ళలో దిగకుండా ఉన్నాడు.

బావకు డాక్టర్ ఈసారికి వద్దన్నాడు. అలిగి, తర్వాత బోటులో కూర్చుని పేర్ల కాగితం తీసుకున్నాడు. రెండో డైవ్ తర్వాత వాళ్ళు పేర్లు పిలుస్తుంటే ఒకాయన పేరుకు ఆయన భార్య "ఉన్నారు" అని పలికింది. బావ లేచి "ఆయనే పలకాలి" అన్నాడు. చూస్తే ఆయన బోటు వెనక నీళ్ళలో నిచ్చెన పట్టుకుని ఫిన్స్ విప్పుకుంటున్నాడు. సరంగు చేయి అప్పటికే ఇంజిన్ దగ్గర ఉంది. ఏమీ కాలేదు. కానీ ఆ తర్వాత గొణుగుడు వినబడలేదు.

రాత్రి కిందే పడుకున్నాం. బావ నీళ్ళలో దిగలేదు కాబట్టి సోమవారం తెల్లవారుజామున ఒక్కడే నడిచి ఎక్కాడు, మొక్కు తీరింది. మేము బస్సులో వెళ్ళి పైన ఆయన కోసం కాచుకున్నాం. మాకంటే హుషారుగా ఉన్నాడు.

సిలిండర్ అన్న · మంగళవారం, రాత్రి 8:52

తాళం చివరికి ఎక్కడ దొరికింది?

అలిపిరి మెట్టు · మంగళవారం, రాత్రి 8:55

దొరకలేదు అన్నా. పక్క బోటు వాళ్ళది తెచ్చారు.

గాంధీ రోడ్డు · మంగళవారం, రాత్రి 9:03

మరి పక్క బోటు వాళ్ళకు?

అలిపిరి మెట్టు · మంగళవారం, రాత్రి 9:06

నేనూ అదే అడిగా. వాళ్ళ ఇంజిన్ రిపేరులో ఉంది, ఆ రోజు నీళ్ళలోకి పోలేదు.